నాలుగు వేళ్ల జాగ

పగిలిన డిస్‌ప్లే ఊడదీసి
ట్యూబులైటు కింద ఏటవాలుగ పట్టుకుంటె
ఫోను ఎసొంటోళ్లదో చెప్పొచ్చు.
నడుమ అరిగితె వడ్డీలెక్కలోడు.
కుడిపక్క నిలువుగ అరిగితె
రాత్రంత వీడియోలు పైకి నూకేటోడు.
కింది అంచుకు, పక్కపక్కన
నాలుగు జాగలు మసకబారినయంటె
గది పాటల గేమే.

నల్లపలకలు పైనుంచి జారుతుంటయి.
నేల తగలకముందె కొట్టాలె.
కొడితె పియానో పలుకుతది,
కొట్టకుంటె పాట ఆడికాడ్నే తెగుతది.
అంతకుమించి దాంట్ల ఏం లేదు.

అయినా మిర్యాలగూడ రైలుగేటు పక్కన
ఆరడుగుల నా డబ్బాకు
వారానికి పదిమంది గా మరకలతోటే వస్తరు.
కాలేజీ పిల్లగాండ్లే అనుకుంటుంటి మొదట్ల.

మిల్లు హమాలి సైదులు
బస్తా దించి బస్తా దించి
తౌడు కుప్ప మీద కూసొని ఆడ్తడట.
ఆయన అద్దం మీద మూడే మరకలు.
నాలుగోది ఉండాల్సిన కాడ
సన్నటి గీత, పక్కకు ఈడ్చినట్టు.
అడగలే.
పైసలు లెక్కవెట్టేటప్పుడు చూసిన,
చిటికెనవేలు ఏ బెల్టు తిన్నదో ఎన్నడు తిన్నదో
పక్క వేలే రెండు వరుసలు ఉరుకుతున్నది.
"తూకం తప్పితె సేటు తిడ్తడు.
గిది తప్పితె మళ్ల మొదలువెట్టుమంటది,
గంతే గదా" అన్నడు.

ఏరియా దవాఖాన మార్తమ్మ సిస్టరు
సౌండు బందువెట్టి ఆడ్తది.
సెలైన్ల చుక్కలు లెక్కవెట్టే కండ్లు,
పలకలు గూడ అట్లనే పడ్తయి గదా పైనుంచి.
పాట లేని పాట ఏం ఆట సిస్టర్,
ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదా అంటె
"పెట్టుకుంటె, ఎవలన్న పిలిస్తె?" అన్నది.

ఇగ కర్రీపాయింట్ అండాలు.
ఆమె అద్దం మీద పసుపు, నూనె, ఆ కింద
నాలుగు గుంటలేమో అన్నంత అరుగుడు.
ఏడో తరగతిల ప్రార్థనకు నిలవడితె
"నువ్వు పెదవులు కదుపు చాలు, గొంతు తియ్యకు"
అన్నదట టీచరమ్మ.
ముప్పై ఏండ్లు పెదవులే కదిపింది,
పెండ్లిండ్లల్ల, బతుకమ్మ కాడ,
చప్పట్లు గూడ ఎవలకు ఇనరాకుండ.
ఇప్పుడు
ఆమె వేలు వెడ్తెనే పాట కదులుతది,
వేలు తీస్తె ఆగుతది.
ఒక పాట తన కోసం ఆగుడు
ఆమె ఇంతకుముందు ఎరగదు.
నడుమల చీరల యాడ్ వస్తె బండబూతులు తిట్టి
ముప్పై సెకండ్లు కదలకుండ చూస్తదట,
ఇంకో ప్రాణం ఇస్తరని.

"ఫోన్లు పోకున్నా మంచిదే,
కిందిపక్క మాత్రం మంచిగ చెయ్యి" అని చెప్పి పోయింది.

కొత్త గ్లాసు అతికిచ్చినంక టచ్ చూడాలె.
గీతలు గీసి చూసే పద్ధతున్నది.
నేను గేమే తెరుస్త,
ఏ వరుస చచ్చిందో ఎమ్మటే తెలుస్తది.
తెలిసినంక బందువెట్టొచ్చు.
పెట్ట.

నాకు పాటలు రావు.
మా ఇంట్ల రేడియో గూడ లేకుండె.
షట్టరు సగం దించి అండాలు ఫోన్ల కొడుతుంటె
ఒకటి, మూడు, మూడు, రెండు,
వేళ్లకు నాకంటె ముందు ఏదో ఎరుకైనట్టు.
అప్పుడే వాడపల్లి సిమెంటు గూడ్సు.
బల్ల వణికి, మూతల ఉన్న స్క్రూలు అన్నీ
ఒక మూలకు నడిచినయి.
వేలు జారింది.
నాలుగువందల పదకొండు.

తెల్లారి ఫోను తీసుకొని
ఆమె ముందుగాల అదే తెరిచింది.
"నా ఆట నువ్వు ఆడినవా?"
టచ్ చూసిన, అన్న.
"నాలుగువందలకే పోయినవా" అని
కౌంటరు మీద చెయ్యి కొట్టి నవ్వింది.
గొంతు తీసి, గేటు కాడ ఆగిన ఆటోలోళ్లు ఇటు తిరిగేదాక.

రెండువందలు తక్కువ ఇచ్చింది.
అడగలే.